ఒకవేళ భాయ్

బట్టతల ఉన్న బార్బరుకి ఒక లాభం ఉంది. కుర్చీలో కూర్చున్నవాడు అద్దంలో తన తల పక్కనే నా తలనీ చూస్తాడు. వీడు ఎంత పాడుచేసినా అంతకంటే పాడుచేయలేడు కదా అని ధైర్యం తెచ్చుకుంటాడు. సింగపూర్ హౌగాంగ్‌లో నా షాపు ఇన్నేళ్లు నడిచింది ఆ ధైర్యం మీదే. చదువు సంగతంటారా, మలేసియా కొబ్బరి ఎస్టేటులో తెలుగు బడి, ఆరో తరగతి. ఏడో తరగతి నన్ను రమ్మనలేదు, నేనూ పోలేదు. మా ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు.

మొన్న ఆదివారం మార్కెట్ నుంచి వస్తూ రెండు చేతుల్లో రెండు సంచులతో బస్సెక్కాను. సీటు ఖాళీ లేదు. కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆరు స్టాపులు అలాగే నిలబడి, దిగి, నాలుగడుగులు వేశాక తట్టింది. దారిలో నేను ఒక్కసారి కూడా తూలలేదు. సంచిలో చేప కూడా పక్కకి ఒరగలేదు. వెనక్కి తిరిగి చూశాను. డ్రైవరు సీట్లో ఎవరో చీనా అమ్మాయి. ఆయనెలా అవుతాడు? ఆయన పోయి రెండేళ్లయింది. తెలిసి కూడా తిరిగి చూశాను.

ఆయన్ని నేను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. నేను పెట్టిన పేరు ‘ఒకవేళ భాయ్’. అది ఆయనకి తెలుసు. కోపం రాలేదు. కోపం వస్తే ఒకవేళ నేను నొచ్చుకుంటానేమో అని ఆయన భయం.

డాట్‌కామ్ బుడగ పగిలి, జనం మళ్లీ కొత్త బుడగ ఊదుతున్న రోజులవి. మన తెలుగువాళ్లు విమానం దిగేవాళ్లు, రాఫెల్స్ ప్లేసులో మెడకి కార్డు తగిలించుకునేవాళ్లు, నెలకోసారి వచ్చి నా కుర్చీలో కూర్చునేవాళ్లు. ఏం పని బాబూ అని ఎవర్నడిగినా ఐటీ అనేవాళ్లు. నాదీ హెడ్డాఫీసు పనే అనేవాణ్ణి. నా తెలుగు విని వాళ్లు నవ్వేవాళ్లు. మా తాతల నాడు ఓడెక్కిన తెలుగు అది, మధ్యలో తమిళం, మలాయి, మాట చివర ఈ ఊరి ‘లా’ అంటుకుంటూ వచ్చింది. మా షాపుని నేను కడై అంటాను. వాళ్లు కడాయి అనుకుని, ఇక్కడ భోజనం కూడా దొరుకుతుందా అని అడిగేవాళ్లు.

వాళ్లందరూ నెలకోసారి వస్తే ఆయన పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. హైదరాబాదు సాయిబు. నలభై దాటాయి. ఒక బ్యాంకు కంప్యూటర్లలో పన్నెండేళ్ల నుంచి పని. ఆఫీసు వదలగానే టై విప్పి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కేవాడు, కొస బల్లి తోకలా బయటికి వేలాడేది. కుర్చీ ఎక్కి, “కొంచెం తియ్యన్నా,” అనేవాడు. తియ్యడానికి అక్కడ ఏముంది? ఆ తలమీద వెంట్రుకకి పెరిగే తీరిక ఆయన ఎప్పుడిచ్చాడు కనక? నేను గాల్లో కత్తెర ఆడించి చప్పుడు చేసేవాణ్ణి. ఆయనకి కావలసింది క్షవరం కాదని నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. నా షాపు బస్సు స్టాపుని ఆనుకుని ఉంటుంది. ఆయన వచ్చేది బస్సుల కోసం.

బయట బస్సు వచ్చి ఆగే ముందు, కుర్చీ కింద కాలు పెట్టుకునే పలక మీద ఆయన కుడికాలు మెల్లగా నొక్కుకునేది. బస్సు ఆగేది. కాలు లేచేది. బస్సు కుదుపుతో ఆగితే ఆయన మొహం చిట్లించి, “లేటుగ కొట్టిండు బ్రేకు,” అనేవాడు. రైలెక్కితే అరగంటలో వచ్చే దారికి, గంటంబావు పట్టే బస్సెక్కి, డ్రైవరు వెనక సీటులో కూర్చుని వచ్చేవాడు. నేను చాలాకాలం అది పొదుపు అనుకున్నాను.

ఒకరోజు ఆయన పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఆలోచించి చెప్పాడు: “నా పని ఒకవేళలు రాసుడే అన్నా. ఒకవేళ గిట్లయితే అటు పో, ఒకవేళ అట్లయితే ఇటు పో. కంప్యూటర్‌కు సొంతంగ ఆలోచన ఉండది. ఏమేం తప్పులు అయితయో అన్నీ నేనే ముందుగాల అనుకోవాలె.” మా ఆవిడ ఆ పని జీతం లేకుండా చేస్తుంది అన్నాను. ఆయన నవ్వలేదు. పన్నెండేళ్లు పొద్దస్తమానం జరగబోయే తప్పుల్ని ఊహించి రాసినవాడు సాయంత్రం బ్యాంకు తలుపుతో పాటు బుర్ర తలుపు మూసుకోలేడు. ఇంటికొస్తే ఇంట్లో ఒకవేళ. పాలు పొయ్యిమీద పెడితే ఒకవేళ. నేను కత్తెర పట్టుకుంటే ఒకవేళ.

ఇంకో రెండు క్షవరాల తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. నవ్వద్దన్నాడు. నవ్వనని ఒట్టేశాను.

“బస్సు నడపాలని ఉంది అన్నా.”

నేను నవ్వలేదు. నా కత్తెర నవ్వింది. ఆయన చెవి వెనక ఒక మెట్టు పడింది. అది పూడటానికి నెల పట్టింది, పాపం ఆ నెలంతా ఆయన ఆఫీసులో గోడకి వీపానించి నడిచాడట.

ఊరంతా బస్సు దిగి కంప్యూటర్ ఎక్కుతుంటే ఈయన కంప్యూటర్ దిగి బస్సెక్కుతానంటున్నాడు. ఎందుకయ్యా అంటే, బ్యాంకులో తను రాసింది ఎవరికి పనికొచ్చిందో తనకి తెలియదట. “బస్సుల అట్ల కాదు. ఎక్కిన మనిషి దిగిండంటే ఇంటికి చేరిండు. కండ్ల ముందట కనవడ్తది,” అన్నాడు. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ చేతిలో ఉంది కాబట్టి ఉద్యోగం మారినా ఎవరూ విమానం ఎక్కించరు. జీతం తగ్గుతుంది, తగ్గినా బతకొచ్చు, భార్య పిల్లల సెంటర్లో టీచరు. ఆవిడైతే మొదటి రోజే సరేనంది. ఆయనకి పెద్ద చిక్కు అదే అయింది. వద్దనేవాళ్లు ఇంట్లో లేకపోతే భయపడటానికి కారణాలు మనిషి సొంతంగా వెతుక్కోవాలి కదా. ఒకవేళ చేతకాకపోతే? ఒకవేళ ఎవరికైనా తగిలితే? ఒకవేళ ఈ వయసులో పరీక్ష తప్పితే? ఒకవేళ అన్నీ బాగుండి, తీరా నాకే నచ్చకపోతే?

వీటన్నిటి కింద అసలైన ఒకవేళ ఇంకొకటి ఉంది. మామ. మేనమామే పిల్లనిచ్చాడు. ఆ పెద్దాయన నిజామాబాదు వైపు ముప్పై ఏళ్లు ఎర్రబస్సు నడిపినవాడు. కూతురికి సంబంధాలు చూసేటప్పుడు ఒకటే షరతు పెట్టాడట: స్టీరింగు ముట్టినవాడికి పిల్లనివ్వను. మేనల్లుడు కంప్యూటర్ చదివాడని తెలిసి, కట్నకానుకల మాటే లేకుండా, ఎదురొచ్చి ఇచ్చాడు. ఇప్పుడాయన దగ్గరికి పోయి, మామూ నేనూ డ్రైవరునే అని ఏ మొహంతో చెప్పాలి? అదీ ఆయన బాధ.

రాజీనామా ఉత్తరం రాసి చొక్కా జేబులో, టై వెనకాల, ఎనిమిది నెలలు పెట్టుకుని తిరిగాడు. చెమటకి నానిపోతే మళ్లీ ప్రింటు తీసేవాడు. మూడు ప్రింట్లు అయ్యాయి. మూడోసారి తీసినప్పుడు ఒక అచ్చుతప్పు కూడా దిద్దానని నాకు చెప్పాడు. అంత శ్రద్ధ.

ఒక వానాకాలం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. ఈయన వచ్చి కూర్చుని మళ్లీ మొదటి ఒకవేళ దగ్గర మొదలుపెట్టాడు. నాకు ఓపిక అయిపోయింది. లెమ్మన్నాను. నేను కుర్చీలో కూర్చుని, గుడ్డ నేనే కట్టుకుని, మంగలికత్తి తీసి ఆయన చేతిలో పెట్టాను.

నా తలమీద వెంట్రుకలు లేవనుకోకండి. చుట్టూ అంచు ఉంది. వారానికోసారి గీసుకోవాలి, వెనకవైపు చేతి తడుము మీదే. “వెనక గీయి భాయ్,” అన్నాను.

ఆయన కత్తిని చేపలా పట్టుకున్నాడు.

“ఒకవేళ తెగితే?”

“పటిక ఉంది.”

“ఒకవేళ ఎక్కువ తెగితే?”

“పెద్ద పటిక ఉంది.”

గీశాడు. పావుగంటలో అయ్యే పని ముప్పావు గంట పట్టింది. అంగుళం గీసి ఆగి నా మొహం చూసేవాడు, బతికే ఉన్నానా అని. నేను జోకులు మానేసి బిగదీసుకుని కూర్చున్నాను. నా జన్మలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే. ఎడమ చెవి పైన చిన్న గాటు పడింది. ఆయన కత్తి కింద పెట్టేశాడు. నేను పటిక ముక్క తడిపి గాటుకి రుద్దుకుని, “కానివ్వు, సగం గీసిన తలతో నేనెక్కడికి పోతాను,” అన్నాను. తర్వాత కత్తి తీసుకుని మిగతా సగం గీశాడు. అందులో గాటు లేదు.

మర్నాడు ఉత్తరం ఇచ్చేశాడు. ఆ ఘనత నాదేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. మూడు రోజులు పటిక రాసుకున్నవాణ్ణి, ఆ మాత్రం హక్కు లేదా?

బస్సు కంపెనీ వాళ్లు నేర్పించారు. పరీక్ష మొదటిసారి తప్పాడు. బండి ఎక్కడా తగల్లేదు, ఎవరినీ తాకలేదు. ప్రతి గ్రీన్ లైటు దగ్గరా నెమ్మది చేసి, ఒకవేళ ఎరుపు పడుతుందేమో అని ఆగిపోయాడు. పరీక్ష పెట్టిన చీనా ఆఫీసరు చివర్లో పుస్తకం మూసి, “అంకుల్, రెడ్ లైట్ యూ స్టాప్, గ్రీన్ లైట్ ఆల్సో యూ స్టాప్. దెన్ వెన్ యూ గో?” అన్నాడట.

ఆ సాయంత్రం నా కుర్చీలో కూర్చుని ఆ మాట చెప్పి, “ఆయన అడిగింది కరెక్టే అన్నా. పన్నెండేండ్లసంది ఆగే ఉన్న,” అన్నాడు. ఉత్త చేత్తో తల నిమిరి పంపేశాను. అప్పటికి ఉద్యోగం లేదు, లైసెన్సు లేదు. ఇంట్లో పెద్దపిల్ల మాత్రం, “అబ్బా, టెస్ట్ ఈజ్ ఓన్లీ టెస్ట్ లా, యూ టెల్ మీ ఎవ్రీ టైమ్,” అని ఆయన మాట ఆయనకే అప్పజెప్పిందట.

రెండోసారి పాసయ్యాడు. ఎలా అని అడిగాను. గ్రీన్ పడిందట. ఒకవేళ అనే మాట నోటిదాకా వచ్చిందట. “పటిక అనుకున్న. పోయిన,” అన్నాడు.

ఆ తర్వాత ఆయన నెలకోసారే రావడం మొదలుపెట్టాడు. వెంట్రుకలు పెరిగేవి. వచ్చినప్పుడు కుర్చీలో నిద్రపోయేవాడు. బయట బస్సులు వచ్చేవి, కుదుపుతో ఆగేవి, పోయేవి. ఆ పలక మీద కాలు కదిలేది కాదు. బ్యాంకు రోజుల్లో ఆ తలని తిప్పాలంటే బిగించిన బోల్టు తిప్పినట్టు ఉండేది. ఇప్పుడు ఎటు వాల్చితే అటు వాలేది. మనిషి సుఖంగా ఉన్నాడా లేదా అన్నది బార్బరుకి మెడ చెబుతుంది, మొహం చూడక్కర్లేదు.

కానీ మామకి ఇంకా చెప్పలేదు.

ఇక్కడ నా పాపం ఒకటుంది. ఈ ఊళ్లో బస్సు డ్రైవర్ని డ్రైవరనరు, బస్ కెప్టెన్ అంటారు. చొక్కా మీద బిళ్లకి అదే రాసి ఉంటుంది. ఆ బిళ్ల చూసి నాకు తెలివి పుట్టింది. “డ్రైవరని ఎందుకు చెప్తావు భాయ్, కెప్టెన్ అయ్యానని చెప్పు. అబద్ధం కాదు కదా,” అన్నాను. ఆయన ఫోను కార్డు తీసి నా షాపు ముందే నిలబడి ఊరికి ఫోను కొట్టాడు. “మామూ, నేను కెప్టెన్ అయిన.” అవతలి నుంచి వచ్చిన సంతోషం నాకు లోపలికి వినబడింది. పెద్దాయన లెక్కలో అల్లుడు కంప్యూటర్లలో టీము లీడరు, దానిపైన ఇంక కెప్టెనే. మొహల్లా అంతా జిలేబీ పంచాడట. పాత డిపోకి కూడా పట్టుకుపోయి, నా అల్లుడు కంప్యూటర్ కెప్టెన్ అని డ్రైవర్లందరి నోళ్లూ తీపి చేశాడట.

“నిజమే చెప్పిన కదా అన్నా?” అని అడిగాడు ఫోను పెట్టేసి.

“పూర్తి నిజమే లా,” అన్నాను.

ఏడాది తిరిగేసరికి కెప్టెన్‌ని కళ్లారా చూడాలని పెద్దాయన విమానం దిగాడు.

ఆ నెల మా అవస్థ చెప్పుకోకూడదు. అల్లుడు మధ్యాహ్నం షిఫ్టు వేయించుకున్నాడు. కెప్టెన్లు ఆలస్యంగానే పోతారని మామకి చెప్పాడు, ఆయన మెచ్చుకున్నాడు. ఇంట్లో టై కట్టుకుని బయల్దేరి, నా షాపు వెనక గదిలో టై విప్పి, తువ్వాళ్ల బీరువాలో దాచిన యూనిఫారం వేసుకుని పోయేవాడు. డ్యూటీ దిగి మళ్లీ టై కట్టుకునేవాడు. టై విప్పాక బస్సెక్కేవాళ్లని చూశాను గానీ, బస్సు నడపడం కోసం టై కట్టుకునేవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆయన భార్య ఒకరోజు నా షాపు గుమ్మంలో నిలబడి, “అన్నా, మీరు పెట్టిన కెప్టెన్ పేరు మీరే ఇప్పుండ్రి. శుక్రవారం నమాజు లోపట ఆయన చెప్పకుంటే నేనే చెప్త. బస్సు నడుపుడు తప్పు కాదు, మా నాయనను పిచ్చోన్ని చేసుడు తప్పు,” అని వెళ్లిపోయింది. నేను కత్తెర తుడుచుకున్నాను.

పెద్దాయనకి ఇంట్లో పొద్దుపోలేదు. ఎర్రబస్సు మనిషి ఎక్కడికి పోతాడు? బస్సు స్టాపుకే వచ్చాడు. పక్కనే తెలుగు మాట వినబడింది. ఇంకేం, నా బెంచీ ఆయనదైపోయింది. పొడుగాటి మనిషి, గోరింట పెట్టిన గడ్డం. వచ్చిన ప్రతి బస్సునీ పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు చూసేవాడు. టైర్లు చూసేవాడు. ఒంటి మీద ఒక్క గీత కూడా లేదేందని ఆశ్చర్యపోయేవాడు. మధ్యలో తన రోజులు చెప్పుకొచ్చేవాడు. పిల్లలు లేవక ముందే పోయేవాడట, పడుకున్నాక వచ్చేవాడట. “డ్రైవరింటికి పండుగ మూడో దినం వస్తది,” అన్నాడొకసారి. అందుకే స్టీరింగు ముట్టినవాడికి పిల్లనివ్వలేదని నాకు అప్పుడర్థమైంది.

అల్లుడి బస్సు ఒక షిఫ్టులో నాలుగుసార్లు మా స్టాపు మీదుగా పోతుంది. ఆ నాలుగు వేళలకీ పెద్దాయన్ని ఏదో వంకతో లోపల కూర్చోబెట్టేవాణ్ణి. ఒకరోజు తల మర్దన. ఒకరోజు మీసం. చెయ్యి పడగానే ఆయన కళ్లు మూసుకునేవాడు. రోడ్డుకి వీపు వచ్చేలా కుర్చీ తిప్పేసేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

గురువారం గడ్డం సవరిస్తున్నాను. కుడివైపు అయింది. వేళ కాగానే కుర్చీ తిప్పాను, రోడ్డుకి వీపు, మొహం గోడకి. గోడకి ఏముంటుంది? బార్బరు షాపులో గోడకి అద్దం కాక ఇంకేముంటుంది? అందులో రోడ్డంతా, స్టాపంతా, వచ్చి ఆగుతున్న బస్సంతా కనబడుతోంది. ముప్పై ఏళ్లు ఆ అద్దంలో నా బట్టతలే చూసుకున్నాను గానీ, దాని వెనక రోడ్డుందని నాకు ఆ రోజే తెలిసింది.

పెద్దాయన అద్దంలోకి చూస్తూ, “ఎవడో గాని, చెయ్యి తిరిగినోడు. ఎట్ల ఆపిండో చూసినవా?” అన్నాడు.

తర్వాత ముందుకి వంగాడు. తర్వాత లేచాడు. మెడకి గుడ్డ అలాగే ఉంది, గడ్డం ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు. అలాగే నడిచిపోయి బస్సెక్కేశాడు. నేను దువ్వెన చేత్తో పట్టుకుని వెనకే పరిగెత్తాను. ఇద్దరి టికెట్లకీ జేబులో ఉన్న చిల్లర పెట్టెలో వేసి పక్కన నిలబడ్డాను. ముందు సీట్లో ఒక చీనా ఆంటీ గుడ్డ కట్టుకున్న ఆయన్ని చూసింది, దువ్వెనతో నన్ను చూసింది, సంచి దగ్గరికి లాక్కుంది.

అల్లుడు మామని చూశాడు. రెండు చేతులూ స్టీరింగు మీద, కళ్లు ముందు రోడ్డు మీద. బస్సు కదల్లేదు. పెదవులు కదులుతున్నాయి. ఆ ఆకారం నాకు తెలుసు, ఒకవేళ. చప్పుడు రావడం లేదు. ఎదురుగా గ్రీన్ పడింది, పోయింది, మళ్లీ పడింది.

“అంకుల్, కెన్ గో ఆల్రెడీ లా,” అంది ఆంటీ.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. తిడతాడనుకున్నాను. దిగమంటాడనుకున్నాను.

“బండి తియ్యి,” అన్నాడు. “జనానికి టైమైతున్నది.”

బండి కదిలింది. సీటు ఖాళీ ఉన్నా పెద్దాయన కూర్చోలేదు. పసుపు గీత వెనక, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కడ్డీ ముట్టకుండా నిలబడ్డాడు. అది పరీక్ష అని బస్సులో ముగ్గురికే తెలుసు. మొదటి మలుపులో నేను కడ్డీ పట్టుకున్నాను, భయంతోనే, అవసరం రాలేదు. రెండో స్టాపులో ఒక ముసలమ్మ చేతికర్రతో ఎక్కింది. ఆవిడ సీటు దాకా పోయి, కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకునేదాకా బస్సు కదల్లేదు. వెనక నుంచి ఎవరో నిట్టూర్చారు. అయినా కదల్లేదు. “చూసిండు,” అన్నాడు పెద్దాయన నాతో, మెల్లగా. బడి దగ్గర పిల్లలు దాటారు. పసుపు లైటు పడింది. బస్సు ఎప్పుడు ఆగిందో తెలియకుండా, పాపాయికి నిద్రపట్టినట్టు ఆగింది. గ్రీన్ పడింది. పోయింది. నేను అల్లుడి పెదవులే చూస్తున్నాను. అవి కదలడం లేదు.

చివరి స్టాపు ఇంటర్‌చేంజ్ అనే బస్టాండు. జనం దిగారు, ఆంటీ నా దువ్వెన వైపు ఇంకోసారి చూసి దిగింది. ఆయన ఇంజను ఆపి, సీట్లోంచి లేచి, మామ ఎదురుగా నిలబడ్డాడు.

“మామూ, నేను డ్రైవర్ను. కంప్యూటర్ ఇడిసిపెట్టి ఏడాది దాటింది. నాకు గిదే మంచిగున్నది.”

ఆయన నోట మూడు వాక్యాలు వరసగా, మధ్యలో ఒకవేళ లేకుండా, నేను వినడం అదే మొదలు.

“కనవడ్తనే ఉన్నది,” అన్నాడు పెద్దాయన. “మరి కెప్టెన్ అంటివి?”

అల్లుడు తన చొక్కా మీది బిళ్ల చూపించాడు. నేను బస్సు సీలింగు కేసి చూశాను. పెద్దాయన ఆ బిళ్లని వేలితో తడిమి చూసి, “మమ్ముల గిట్ల పిలిచి ఉంటే మా డిపోల ఒక్క సమ్మె గూడ కాకపోవు,” అన్నాడు. గడ్డం పొడుగున్న వైపు నిమురుకున్నాడు. “ముప్పై ఏండ్లు నడిపిన. నా బండ్ల ఏ ఒక్కడు పట్టుకోకుంట నిలవడలే. ఇగో, ఇయాల నేను నిలవడ్డ.”

అల్లుడు మొహం తిప్పుకున్నాడు. నేనైతే దువ్వెన పళ్లు లెక్కపెట్టుకున్నాను.

పెద్దాయన డ్రైవరు సీటు దగ్గరికి వంగి కింద చూశాడు. క్లచ్ ఏది అన్నాడు. ఉండదు మామూ, గేర్లు అవే పడతాయి అన్నాడు అల్లుడు.

“గదీ సంగతి,” అన్నాడు పెద్దాయన, ఊపిరి వదిలి. “క్లచ్ ఉంటే తెలుస్తుండె నీ పని.”

ఆ తర్వాత ఆయన ఊరికి పోయేదాకా రోజూ అల్లుడి బస్సులోనే తిరిగాడు. నాలుగుసార్లూ ఎక్కేవాడు. యూనిఫారం నా బీరువాలోంచి వెళ్లిపోయింది. టై మాత్రం అల్లుడు అక్కడే మరిచిపోయాడు. ముప్పై ఏళ్ల పాటు అద్దం తుడవడానికి మెత్తని గుడ్డ వెతుక్కున్నవాణ్ణి, ఆ బాధ తీరింది.

కానీ ఆ గురువారం పని సగంలో ఉంది. అదే బస్సు తిరుగు ట్రిప్పులో మా స్టాపులో దిగి, పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ మెడకే ఉంది. కళ్లు మూసుకుని ఎడమవైపు గడ్డం నాకిచ్చాడు. కెప్టెన్ పేరు ఎవరు పెట్టారో ఆయన నన్ను అడగలేదు. అడగకపోయేసరికి నాకు ధైర్యం వచ్చింది, ధైర్యం వస్తే నా నోరు ఊరుకోదు.

“ఏమైనా మీరు మోసపోయారు పెద్దాయనా,” అన్నాను. “స్టీరింగు ముట్టనివాణ్ణి వెతికి వెతికి కంప్యూటర్ ఇంజినీరుకి పిల్లనిచ్చారు. చివరికి చూస్తే బస్సు డ్రైవరు.”

ఆయన కళ్లు తెరవలేదు.

“మోసపోయింది నేను కాదు, ఆ బ్యాంకోళ్లు,” అన్నాడు. “మా డ్రైవర్ను పన్నెండేండ్లు కంప్యూటర్ ముందట కూసోవెట్టుకొని జీతమిచ్చిన్రు.”